ఒకే గుర్తు వేసిన మూటలు

బండి ఆగింది. ముందు లారీలు, లారీల ముందు మంచు, ఆ మంచు వెనక ఎక్కడో సొరంగం నోరు ఉండాలి, కనిపించడం లేదు. పైనుంచి మంచు జారిపడిందట, తోసే యంత్రం వచ్చిందట, గంట పడుతుందట. డ్రైవరు దిగి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి చెప్పిన మాట ఇది. గంట అని ఇతనే అనుకున్నాడో, ఆ లారీవాడు అన్నాడో, లారీవాడికి ఇంకెవరు చెప్పారో. ఈ మధ్య ఎవరేం చెప్పినా ముందు నాకు ఇదే వస్తోంది మనసులోకి, ఈ మాట ఇతనిదేనా, ఎవరైనా ఇతని నోట్లో పెట్టారా అని. వేడి కోసం ఇంజను ఆపలేదు. వైపర్లు పొడి అద్దాన్ని గీకుతున్నాయి, వాటినీ ఆపలేదు. తెమిర్‌కుల్ నా పక్కన కూర్చున్నాడు. అతని మోకాలు నా మోకాలికి తగులుతోంది. అటువైపు జానెడు చోటుంది, జరగొచ్చు, జరగడం లేదు. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు గాని నిద్రపోయే మనిషి గొంతు ముడి అలా కదలదు. గొర్రె పడుకుని నెమరువేస్తుంటే ఒక తీరు, తోడేలు వాసన తగిలి అదే గొర్రె ఊరికే పడుకుంటే ఇంకో తీరు. ఆ తేడా నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నిన్న మా ఊళ్ళో పెద్దనాన్న సంవత్సరీకం, తెమిర్‌కుల్ కూడా నాతో వచ్చాడు, ఇప్పుడు తిరిగి బిష్కెక్ పోతున్నాం. ఊళ్ళో ఫోను అందేది గొర్రెల దొడ్డి వెనక దిబ్బ మీద ఒక్కచోటే. బజారులో ఏమైనా తెలిసిందేమో కనుక్కుందామని ఎక్కాను. నేను ఎవరికీ చేయకముందే ఫోను మోగింది. ఒమూర్జాక్ గారేనా, కస్టమ్స్ ఆఫీసు నుంచి అన్నాడు, మెత్తటి గొంతు, చదువుకున్న గొంతు, కంగారేం లేదు, ఇంకా ఏదీ తేలలేదు అన్నాడు. తేలనిదేమిటో అతను చెప్పలేదు, నేను అడగలేదు. బిష్కెక్ గుడ్డల బజారులో అది తెలియనివాడు లేడు. ఇన్నేళ్ళూ చైనా నుంచి మేం తెచ్చిన గుడ్డకి కిలోల లెక్కన సుంకం కట్టాం. శాటినైనా సరే, పరుపు గుడ్డైనా సరే, కాటా మీద ఎంత తూగితే అంత. అది మేం పెట్టిన రూలు కాదు, వాళ్ళే తూచారు, వాళ్ళే ముద్ర వేసి గేటు ఎత్తారు. ఇప్పుడు ఆ కట్టింది చాలదట. గుడ్డ రకాన్నిబట్టి మళ్ళీ లెక్కగట్టి, వెనకటి మూడేళ్ళకీ తేడా వసూలు చేస్తారట. చేస్తారట అని ఒకడు, చేయరట అని ఒకడు. ఉత్తర్వు సంతకమైపోయిందని తాళాలవాడు, బనీను గుడ్డకే అని టీ బండామె, పెద్దవాళ్ళని వదిలేసి మాలాంటివాళ్ళ మీద పడతారని అందరూ. ఒక్కటే ప్రశ్న అండీ అన్నాడు ఆ గొంతు, మీ పేరున వచ్చిన లారీల్లో సరుకు, అది మొత్తం మీదేనా, ఆలోచించుకోండి, రేపు మళ్ళీ చేస్తాను.

మొత్తం. నా పేరున లారీ వస్తే అందులో ఉన్నది నాదే అవుతుంది, ఎవరికైనా అలాగే తోస్తుంది. మొత్తం మీదేనా అని అడగాలంటే, కాదు అని ముందే ఎవరో అతని చెవిలో వేసి ఉండాలి. మా వరసలో నలుగురమే. నేను, తెమిర్‌కుల్, జిన్నత్ అక్క, మామసాలి. మా బజారులో కొట్లంటే ఇనప కంటెయినర్లే, నాలుగు పక్కపక్కన, పైన నాలుగు, కింద అమ్మకం, పైన సరుకు. ఒక్కొక్కరికీ లారీ నిండా తెచ్చుకునే తాహతు లేక నలుగురం కలిసి ఒక లారీ మాట్లాడుకునేవాళ్ళం. సరిహద్దు దగ్గర ఒక లారీకి ఒక్క పేరే రాస్తారు. ఎవరి పేరు రాయాలని వచ్చినప్పుడు మామసాలి అన్నాడు, అన్నా, నీ పేరున తోలుకొచ్చెయ్ అని. తోలుకురావడం. ఆ మాట అన్నాక నాకు ఇంకేం తప్పు కనిపించలేదు. మా ఊళ్ళో వేసవి మేతకొండకి నాలుగిళ్ళ గొర్రెలు కలిపి ఒక్కడు తోలుకెళ్తాడు. ఎవడు తోలితే ఆ ఎండాకాలమంతా అది వాడి మంద. మా నాన్న తోలితే మా నాన్న మంద. తనిఖీకి వచ్చిన మనిషి ఇవి ఎవరివని అడిగితే నాన్న గుర్రం మీద నుంచి దిగకుండానే నావి అనేవాడు. చలి మొదలయ్యాక కిందికి దింపి ఎవరివి వాళ్ళకి విడదీసి ఇచ్చేవాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళు కాదు. మరి ఆ తనిఖీ మనిషి మూడేళ్ళ తరవాత తిరిగొచ్చి, ఆ వేసవిలో నావి అన్నావుగా, రా, కట్టు అంటే? నాన్నకి అలాంటి ఆలోచనే వచ్చి ఉండదు. నాకూ రాలేదు.

నా భార్య బురుల్‌కి వచ్చింది. నీ పేరే ఎందుకు అంది మొదటిసారి, వాళ్ళకి పేర్లు లేవా అంది. రెండోసారి లారీకి కూడా అంది. ఆ తరవాత అనడం మానేసింది. ఎందుకు మానేసింది? ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఒక మాట రెండుసార్లు అని ఊరుకున్న రోజు ఇంకోటి లేదు. ఎవరైనా సర్దిచెప్పారా, జిన్నత్ అక్క ఆ పూల శాటిన్ ముక్క ఊరికే ఇచ్చిందే, జాకెట్టుకి, అప్పుడా. ఛ. ఇంట్లో మనిషి మీద కూడా, సంవత్సరీకం గిన్నెలు సర్దడానికి ఊళ్ళో ఆగిపోయిన మనిషి మీద. కిటికీ అద్దం ఊపిరికి మసకేసింది, చొక్కా చేత్తో తుడిచాను. బయట లారీవాళ్ళు కాళ్ళు తపతప కొట్టుకుంటూ సిగరెట్లు కాలుస్తున్నారు. ఒకడు మా బండి వైపు చూశాడు. డ్రైవరు పైన అద్దంలోంచి వెనక్కి చూశాడు, నేను చూడగానే కళ్ళు తిప్పుకున్నాడు. ఈ బండి మాట్లాడింది తెమిర్‌కుల్. తెలిసిన మనిషే అన్నా, జాగ్రత్తగా తోలతాడు అన్నాడు. అతనికి తెలిసిన మనిషి.

"ఇదుగోండయ్యా, నోట్లో వేసుకోండి," అంటూ ముందు సీట్లోంచి, దారిలో సుసామిర్ లోయలో ఎక్కిన బాత్మా అక్క చెయ్యి వెనక్కి వచ్చింది, అరచేతిలో కురుత్ ఉండలు. నగరంలో అమ్ముకోవడానికి గోనెడు తీసుకెళ్తోంది, డిక్కీలో ఉంది ఆ గోనె, ఎండిన పుల్లపెరుగు వాసన బండంతా అదే. "ఇద్దరూ కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురిలా మాటా పలుకూ లేదేంటి? గొడవపడ్డారా?"

"లేదక్కా," అన్నాడు తెమిర్‌కుల్, కళ్ళు వెంటనే తెరిచి. చూశారా, నిద్ర లేదు. "అన్న తీరే అంత. ఆయనతో మాట్లాడించాలంటే ముందు గుర్రంగా పుట్టాలి."

"మాట్లాడటం లేదంటే లోపల ఏదో నడుస్తోందన్నమాట. మా ఆయనా ఇంతే. పోయేదాకా చెప్పలేదు, మా ఎర్రావుని ఎవరికి అమ్మాడో. ఇప్పటికీ ఆ ఊరు వెళ్తే ప్రతి దొడ్లోకీ తొంగిచూస్తాను." నవ్వింది, పళ్ళు సగమే ఉన్నాయి. "మీది గుడ్డల వ్యాపారమట కదా. మీ దగ్గరే కొన్నాను కర్టెను గుడ్డ, ఒక్క ఉతుక్కి వెలిసిపోయింది. పాత సుంకాలు ఇప్పుడు గుంజుతారంటగా? బాగా అయింది. పాతవి తిరగదోడేటప్పుడు నా కర్టెను సంగతి కూడా చూడమనండి."

తెమిర్‌కుల్ నవ్వాడు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. గుడ్డల వ్యాపారమని ఈమెకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు, బండెక్కినప్పటి నుంచి నోరు విప్పలేదు. సుంకాల సంగతి సుసామిర్ లోయలో కురుత్ ఎండబెట్టుకునే మనిషిదాకా వచ్చిందంటే రేడియోలో చెప్పి ఉండాలి, రేడియోలో చెప్పారంటే ఖాయమైనట్టే, లేదూ ఖాయం కాలేదు గనకే రేడియోలో చెప్తున్నారేమో, జనం ఏమంటారో చూడటానికి. కురుత్ ఉండ బుగ్గన పెట్టుకున్నాను. రాయిలా ఉంది. ఉప్పు దిగుతోంది.

చెవి గుర్తు సంగతి నాకు రాత్రి నుంచీ లోపల తిరుగుతోంది. మా ఇంటి గొర్రెకి కుడి చెవి కొస తిన్నగా కోసి, ఎడమ చెవికి వెనక ఒక గాటు. మామసాలి వాళ్ళది చెవి మధ్యలో చీలిక. తెమిర్‌కుల్ వాళ్ళది రెండు చెవులకీ ముందు గాటు. మొదట్లో ఎవరి మూటల మీద వాళ్ళు అదే గుర్తు రంగుతో గీసుకునేవాళ్ళం, కాష్గర్ గోడౌను దగ్గర, చైనా కూలీలు చూసి నవ్వేవాళ్ళు. ఒకసారి సరిహద్దులో ఆపారు. ఒక్క పేరుకి ఇన్ని గుర్తులేంటని అడిగారు. చలిలో నిలబెట్టారు, జిన్నత్ అక్కకి ఆ చలికే జబ్బు చేసింది. తరవాతి లారీకి నేనే కుంచె పట్టుకుని అన్ని మూటల మీదా మా ఇంటి గుర్తే వేశాను. ఎవరివి వాళ్ళు తెలుసుకోవడానికి కుట్టుదారం రంగు మార్చుకున్నాం, విప్పగానే ఆ దారం చెత్తలో పోయేది. గుర్తు వేస్తుంటే పక్కన నిలబడి తెమిర్‌కుల్ అన్నాడు, అన్న మా చెవులు కూడా కోసేశాడ్రా అని. అందరం నవ్వాం. మా దగ్గర ఒకడి గొర్రెకి ఇంకొకడు తన గుర్తు వేస్తే అది దొంగతనం, మనిషి మళ్ళీ ఊళ్ళో మొహం ఎత్తుకోలేడు. సొంతదారు పక్కన నిలబడి వేయించుకుంటే? దానికి మా దగ్గర పేరు లేదు, అలాంటిది ఎవరూ ఎప్పుడూ చేయలేదు. సరిహద్దులో ప్రతి లారీకీ ఫోటోలు తీశారు. రేపు నేను కాదు, ఇవి ఫలానావాళ్ళవి అంటే ఆ ఫోటోలు నా ముందు పెడతారు. మూట మూటకీ మా నాన్న గుర్తు. నావే అంటే, తేడా మొత్తం నా మీద పడితే, కంటెయినరు పోతుంది, ఇల్లు పోతుంది, మళ్ళీ ఊరికి వచ్చి ఎవరి మందో తోలాలి, ఈసారి జీతానికి. కాదంటే, ముగ్గురి పేర్లు చెప్పినవాడిని అవుతాను. రెంటిలో దేన్ని ఇతను కోరుకుంటున్నాడు? మోకాలు ఇంకా అక్కడే ఉంది.

పోయిన వారం మధ్యాహ్నం పూట, బేరం జోరుగా ఉండే వేళ, ఇతను పై కంటెయినర్లోంచి సరుకు దింపి ఎక్కడికో పంపించాడు. కప్పు కారుతోందన్నా అన్నాడు. నేను ఎక్కి చూశాను తరవాత, అతను లేనప్పుడు. పొడిగా ఉంది. ఇంకో రోజు, పొద్దున్నే బోణీ అయితే ఆ నోటు తన తానులకి తాకించి కళ్ళకద్దుకుంటాడు ఎవడైనా, ఇతను వచ్చి నా తానులకి తాకించాడు. నీకూ కలిసిరావాలన్నా అన్నాడు. ఎవడు ఇస్తాడు తన బోణీని? మామసాలి బావమరిది పెళ్ళని ఓష్ వెళ్ళినవాడు ఇంకా పెళ్ళిలోనే ఉన్నాడు. జిన్నత్ అక్క టీ పంపడం మానేసింది. మీ వరసలో ఏంటయ్యా అందరూ గొంతు తగ్గించారు, ఎవరైనా పోయారా అంది టీ బండామె. అన్నిటికంటే నిన్నటిది. నేను దిబ్బ ఎక్కబోయేసరికే మంచులో అడుగులున్నాయి, వెళ్ళినవీ వచ్చినవీ, ఒక్క మనిషివి, మడమ దగ్గర చతురస్రంగా నొక్కు పడే నగరం బూట్లు. కిందికి దిగేసరికి దొడ్డి దగ్గర చెంబుతో చేతులు కడుక్కుంటున్నాడు. "ఎవరన్నా ఫోను?" అన్నాడు. నోటికి ముందు వచ్చిన పేరు, బురుల్ అన్నాను. "వదిన బాగుందా?" అన్నాడు. బాగుంది అన్నాను. ఇద్దరం భోజనానికి వెళ్ళాం.

అక్కడ ఆ తుంటి ఎముక. మాంసం పంచేటప్పుడు ఎవరి వయసుకీ ఎవరి వరసకీ తగ్గ ముక్క వాళ్ళకి పెడతారు, అందులో పొరపాటు జరిగితే ఏళ్ళు గుర్తుంటుంది. నగరం నుంచి వచ్చిన అతిథని తెమిర్‌కుల్‌కి తుంటి వచ్చింది. అతను లేచి, నేల మీద పరిచిన భోజనాల గుడ్డ చుట్టూ తిరిగి వచ్చి, దాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టాడు. మా వరసలో అందరికీ అన్న ఈయనే అన్నాడు, పెద్దవాళ్ళంతా వినేట్టు. మా చిన్నాన్న తలూపాడు. నేను తిన్నాను. కొవ్వు తియ్యగా ఉంది. ఒక మనిషి తన గౌరవాన్ని తీసి ఇంకొకడి ముందు పెట్టాడంటే తీసుకున్నదేదో ఉండాలి, తీసుకోబోయేదైనా ఉండాలి. నా పేరు అమ్మేసినవాడు నాకు తుంటి పెట్టాడా? కురుత్ ఉండని ఇంకో బుగ్గకి మార్చుకున్నాను.

ముందు లారీల ఎర్ర దీపాలు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి. కదులుతున్నాయి. డ్రైవరు గేరు వేశాడు. "చెప్పానా గంటని," అన్నాడు ఎవరితోనో. రెండు పక్కలా మంచు గోడ, తోసిన చోట మురికిగా, కోసిన చెవి అంచులా ఎర్రమట్టి. తరవాత సొరంగం. వెలుతురు వెనక నుంచి ఎవరో గుంజేసుకున్నట్టు పోయింది. పసుపు దీపాలు ఒకటొకటి వచ్చి తెమిర్‌కుల్ మొహం మీద నుంచి దాటిపోతున్నాయి, ప్రతి దీపానికీ ఒకసారి కనిపిస్తున్నాడు. నా వైపు తిరిగి ఉన్నాడు.

"అన్నా. ఒకటి అడుగుతా. మా పేర్లు ఇచ్చేశావా?"

వినపడనట్టు ఉండబోయాను. సొరంగంలో అన్నీ వినపడతాయి.

"నిన్న జిన్నత్ అక్కకి చేశాను దిబ్బ మీది నుంచి. ఆఫీసువాళ్ళు నీకోసం బజారుకి వచ్చి వెళ్ళారంది. ఒమూర్జాక్ మన పేర్లు రాసిస్తాడు చూడు, మాట్లాడనివాడు కదా, రాసిస్తాడు అని ఏడ్చింది. నువ్వేమో బురుల్ వదిన ఫోనన్నావు. వదిన ఆ టైములో అక్కడే మీ వంటపాకలో ఉల్లిపాయలు కోస్తోంది, నేను చూశాను." దీపం వచ్చింది, పోయింది. "అందుకే నీకు తుంటి పెట్టాను. అందరి ముందూ. ఎందుకు పెట్టానో నీకు తెలుసు."

"తెలియదు," అన్నాను.

"అన్నా! తెలియకుండానే తిన్నావా?"

బాత్మా అక్క తల ఇటు తిప్పలేదు గాని ఆమె చెవి మీది రుమాలు కొద్దిగా జరిగింది. అయితే నేను ఇతన్ని చూస్తున్నంత సేపూ ఇతను నన్ను చూస్తున్నాడు. ఆ బోణీ నోటు, ఆ ఎముక, ఈ బండి, అన్నీ నా నోరు మూయడానికి. లేదూ ఇప్పుడు ఈ మాటలు కూడా అందుకేనా. ఇంత చక్కగా అతుకుతున్నాయేంటి. "చెప్పలేదు," అన్నాను. తరవాతి దీపం వెలుగులో చూశాను, నమ్మలేదు. నేనైనా నమ్మను. "నువ్వు చెప్పావా?" అన్నాను.

"నేనా? నేనేం చెప్తాను?" అన్నాడు తెమిర్‌కుల్. "నా పేరు ఎక్కడా లేదుగా."

 ఆ మాట బండిలో అలాగే ఉండిపోయింది, పొగ పోయే దారి లేనట్టు.  ఒక దీపం, ఇంకో దీపం, గోడలు కారుతున్నాయి, ఇతని పై కంటెయినరు కప్పులా కాదు, నిజంగా కారుతున్నాయి. నాకు కోపం రావాలి, రాలేదు. చెవి కోయించుకోని గొర్రె ఎంత తేలిగ్గా నడుస్తుంది. ఈ మూడేళ్ళూ అతను రాత్రిళ్ళు హాయిగా పడుకున్నాడు, అతనే కాదు, ముగ్గురూ. ఆ నిద్ర వాళ్ళకి నేనే ఇచ్చాను, కుంచెతో గీసి మరీ ఇచ్చాను.

ఒక్కసారిగా ఎండ. కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. కనుమ ఇటువైపు ఆకాశం మొత్తం తెరిచి ఉంది, దూరంగా కింద చూయ్ మైదానం పొగలా. మొదటి మలుపు తిరగ్గానే బండిలో ఫోన్లన్నీ ఒకదాని మీద ఒకటి కూశాయి. నాది మోగింది. అదే నంబరు.

"ఒమూర్జాక్ గారూ, నిన్న చెప్పాను కదా. ఇంకా ఏదీ తేలలేదండీ, పైనుంచి ఉత్తర్వు రావచ్చు, రాకపోవచ్చు. ముందే అడిగి ఉంచుకుంటున్నాం, అంతే. ఆ సరుకు మొత్తం మీదేనా?"

అవును అని ఒకటి, కాదు అని ఒకటి, రెండూ నాలిక మీద పెట్టుకునే ఉన్నాను నిన్నటి నుంచి. రెండూ రాలేదు. "తెమిర్‌కుల్ అని నా పక్కన ఉన్నాడు," అన్నాను. "ఆయనతో మాట్లాడండి." ఫోను చాచాను. నమ్మి ఇచ్చానా, ఇరికించాలని ఇచ్చానా, నాకు తెలియదు, చెయ్యే దాన్ని చాచింది. తెమిర్‌కుల్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మొహం రంగు దిగిపోయింది. బాత్మా అక్క ఇప్పుడు పూర్తిగా వెనక్కి తిరిగింది, "తీసుకోవయ్యా, కాటేస్తుందా?" అంది. తీసుకున్నాడు.

"ఆఁ. నేనే. తెమిర్‌కుల్... అదే వరసలో, పక్క కంటెయినరు. ఒమూర్జాక్ అన్న లారీల్లోనా?" నుదురు తుడుచుకున్నాడు. ఫోను చెవికి అదిమి వింటున్నాడు, టైర్ల కింద ఇసుక చప్పుడు. "ఉన్నాయి. నావి కూడా. కొన్ని."

ఫోను నాకు ఇచ్చేశాడు. తడిగా ఉంది.

"మరి మీవి?" అంది ఆ మెత్తటి గొంతు.

"కొన్ని," అన్నాను నేనూ.

అవతల ఏదో రాస్తున్న చప్పుడు ఆగింది. "కొన్నీ కొన్నీ కలిపితే లారీ నిండదు కదండీ."

"నిండదు," అన్నాను. "ఇద్దరం వచ్చి చెప్తాం. సోమవారం."

అతను సరేనన్నాడో, సిగ్నలే పోయిందో. ఫోను జేబులో పెట్టుకున్నాను. మలుపు మీద మలుపు దిగుతున్నాం. చెవులు దిబ్బడేశాయి. తెమిర్‌కుల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, కింద కనిపిస్తున్న ఇళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు. కొన్ని అన్నాడు. ఎన్ని అని అవతలివాడు అడిగి ఉంటాడు, ఆ సేపంతా అదే అయ్యుంటుంది, ఇతను చెప్పలేదు. అయినా అన్నాడు. ఒక మనిషి గొంతు విన్నాడు, ఒక పేరు విన్నాడు ఆ ఆఫీసువాడు, ఇక అది ఒక్క నా మీదే ఉండదు. లేదూ ఇద్దరి మీదా మొత్తం మొత్తంగా వేస్తారేమో. అలా వేయవచ్చా? ఎవరిని అడగాలి? జిన్నత్ అక్కకి ఇప్పుడే ఫోను చేస్తాడా, నేను నిద్రపోయాక చేస్తాడా?

"తమ్ముడూ," అన్నాడు తెమిర్‌కుల్ డ్రైవరుతో, వెనక్కి చూడకుండా. "నన్ను కరాబాల్తాలో దింపెయ్. అక్కడ చిన్న పనుంది."

కరాబాల్తా కొండ దిగగానే వచ్చే ఊరు, బిష్కెక్ ఇంకా గంట దూరం. ఆ పని సంగతి పొద్దున లేదు. సొరంగం అవతల లేదు. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు, ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"నేనూ అక్కడే దిగుతాను," అన్నాను.